పాత యుద్ధవిమానంలో వీకెండ్ రైడ్: బుకింగ్ నుంచి కిందికి దిగేదాకా ఏం చెయ్యాల, ఏం చెయ్యకూడదు

డాలస్‌లో మా పాప దగ్గరికి పోయినప్పుడు పాత మిలిటరీ విమానం ఒకటి ఎక్కినా. ఆ ఫొటో అల్లుడు ఫ్యామిలీ గ్రూపులో పెట్టినాడు, అంతే, ఆ రోజు నుంచి ఫోన్లు ఆగలేదు. లీలామహల్ సర్కిల్లో టీ తాగతా ఉంటే పక్కన కూర్చున్నాయన కూడా అడుగుతాడు, "అన్నా, ఆ పాత యుద్ధవిమానం మనం కూడా ఎక్కొచ్చంట కదా, ఎంతవుతుంది, వాంతులొస్తాయా?" అని. పిల్లోళ్ళు అమెరికాలోనో లండన్లోనో ఉండేవాళ్ళు మన తిరుపతిలో వీధికి పదిమంది ఉండారు, ఆర్నెల్లకని పోయి ఏం చెయ్యాలో తోచక వాల్‌మార్ట్ చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళే ఎక్కువ. వాళ్ళందరికీ ఒకేసారి చెప్పేస్తే సరిపోతుందని రాస్తా ఉండా.

నేను పైలట్‌ని కాదు, బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు ఇంజన్లు విప్పి బిగించినోణ్ణి. రెండుసార్లు ఎక్కినా. మొదటిసారి చేతులారా చెడగొట్టుకున్నా, రెండోసారి కడుపునిండా ఎంజాయ్ చేసినా. గాల్లో ఉండేది ఇరవై, ముప్పై నిమిషాలే, అది బాగుంటుందా లేదా అనేది ముందే నేలమీద తేలిపోతుంది, అందుకే కింద చేసుకోవాల్సిన పనుల గురించే ఎక్కువ చెప్తా.

ముందు ఇండియా సంగతి

"బెంగుళూరులో ఎక్కిస్తారా మామా" అని అడిగేవాళ్ళకి: లేదు. డబ్బులు కట్టి పాత యుద్ధవిమానం ఎక్కే ఏర్పాటు మన దేశంలో లేదు. మన ఎయిర్‌ఫోర్స్ దగ్గర వింటేజ్ విమానాలు ఉండాయి, టైగర్ మాత్, హార్వర్డ్, 2018లో వచ్చిన డకోటా అనే పాత రవాణా విమానం. ఆ డకోటాకి పరశురామ అని పేరు పెట్టి వీపీ 905 అని నంబర్ వేసినారు, 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో మన సిపాయిల్ని దించిన డకోటా నంబర్ అది. అవి వేడుకల్లో ఎగరడానికే, మనల్ని ఎక్కించుకోడానికి కాదు. ఎవరన్నా అడ్వాన్స్ కట్టమంటే కట్టొద్దు.

దగ్గరి నుంచి చూడాలంటే బెంగుళూరులో హెచ్‌ఏఎల్ మ్యూజియం ఉండాది, పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. వైజాగ్ బీచ్ రోడ్డులో టీయూ-142 లోపలికే ఎక్కి చూడొచ్చు, అది మన పక్కన అరక్కోణం నేవీ బేస్‌లో 2017 దాకా ఎగిరిన విమానం. పిల్లల్ని తీసకపోతే మంచిది. కానీ ఎగరాలంటే మాత్రం అమెరికా, ఇంగ్లండ్ లాంటి చోటికే పోవాల.

ఏమేం కావాల

పాస్‌పోర్ట్, బరువు నిజంగా ఎంతో ఒక కాగితమ్మీద పౌండ్లలో (కిలోని 2.2తో గుణించండి), కాటన్ చొక్కా, కాటన్ ప్యాంటు, అడుగు పల్చగా ఉండే బూట్లు, కళ్ళజోడుకి వెనకాల కట్టుకునే తాడు, మీరు రోజూ వేసుకునే మాత్రల లిస్టు, ఖాళీ జేబులు. ఖాళీ జేబులు అని ఎందుకు రాసినానో ఏడో స్టెప్పులో చెప్తా.

1. ఏ విమానమో తేల్చుకోండి

అందరూ ఫస్టే స్పిట్‌ఫైర్ కావాల, మస్టాంగ్ కావాల అంటారు, రెండూ రెండో ప్రపంచయుద్ధం నాటి ఫైటర్లు. తొందరపడొద్దు. స్పిట్‌ఫైర్ ఒక సీటుది, రైడ్లకి వాడేది రెండు సీట్ల రకం, ఇంగ్లండ్‌లో డక్స్‌ఫర్డ్, గుడ్‌వుడ్, బిగ్గిన్ హిల్ లాంటి చోట్ల ఎక్కిస్తారు, అరగంటకి దగ్గర దగ్గర మూడువేల పౌండ్లు, అంటే మన డబ్బుల్లో మూడు లక్షల పైమాటే. అమెరికాలో పి-51 మస్టాంగ్ కూడా వేల డాలర్లలోనే ఉంటుంది. మొదటిసారే అంత పెట్టి ఎక్కి, ఐదో నిమిషంలో కవర్లో మొహం పెడితే ఎవురికి నష్టం?

నా సలహా ఏందంటే ట్రైనర్ విమానంతో, అంటే పైలట్లకి నేర్పడానికి వాడినదాంతో మొదలుపెట్టండి. రెండు రకాలు సులభంగా దొరుకుతాయి. ఒకటి స్టియర్‌మన్, రెండు రెక్కలది, పైన కప్పుండదు, మొహానికి గాలి కొడతా ఉంటుంది, నిదానం. కొన్ని వందల డాలర్లలో అయిపోతుంది. రెండోది టి-6 టెక్సన్, దీన్నే ఇంగ్లండ్, ఇండియా వైపు హార్వర్డ్ అంటారు, మన ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు కూడా దాంట్లోనే నేర్చుకున్నారు. తొమ్మిది సిలిండర్ల ఇంజన్, 600 హార్స్‌పవర్. స్టియర్‌మన్ కంటే రేటు ఎక్కువ, మస్టాంగ్ కంటే బాగా తక్కువ. నాకడిగితే టి-6కి మించింది లేదు, మస్టాంగ్ ఎక్కినోళ్ళు ఒప్పుకోరనుకోండి.

ఒక్కరే వద్దు, భార్యాభర్తా కలిసి ఎక్కాలంటే పెద్ద విమానాలు చూడండి. ఎగరగలిగే బి-29 బాంబర్లు ప్రపంచం మొత్తమ్మీద రెండే ఉండాయి, ఫిఫీ, డాక్ అని పేర్లు, రెండూ అమెరికాలోనే, ఊర్లు తిరుగుతా అక్కడక్కడా సీట్లు అమ్ముతారు. డకోటా దొరికితే మరీ మంచిది. మోకాళ్ళ నొప్పులు ఉండేవాళ్ళకి కూడా అది కాస్త నయం, తలుపులోంచి ఎక్కొచ్చు, రెక్కమీదికి పాకాల్సిన పని లేదు.

2. ఎక్కించేవాళ్ళు ఎట్లాంటోళ్ళో చూడండి

దీన్ని మాత్రం దాటేయొద్దు. వెబ్‌సైట్లో ఫొటోలు బాగుంటే సరిపోదు.

అమెరికాలో ప్రతి విమానం తోకమీదనో పక్కనో ఎన్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది. ఆ నంబర్ అడిగి తీసుకోని ఎఫ్‌ఏఏ (అమెరికాలో విమానాల్ని చూసే గవర్నమెంట్ శాఖ) రిజిస్ట్రీలో కొట్టండి, ఫ్రీనే, విమానం ఎవరి పేర్న ఉంది, ఏ సంవత్సరంలో తయారైంది వస్తుంది. అదే నంబర్ పెట్టి యాక్సిడెంట్ల ఎంక్వయిరీ చేసే ఎన్‌టీఎస్‌బీ సైట్లో వెతికితే పాత యాక్సిడెంట్లు తెలుస్తాయి. ఇంగ్లండ్‌లో అయితే జీ అక్షరంతో మొదలవుతుంది, వాళ్ళకి జీ-ఇన్ఫో అని ఇట్లాంటి రిజిస్ట్రీనే ఉండాది.

తర్వాత పర్మిషన్ అడగండి. ఫైటర్లు, బాంబర్లు లాంటివి మామూలుగా డబ్బులకి జనాన్ని ఎక్కించుకోకూడదు, దానికి అమెరికాలో లివింగ్ హిస్టరీ ఫ్లైట్ ఎక్స్‌పీరియన్స్ అని స్పెషల్ మినహాయింపు ఇస్తారు, ఇంగ్లండ్‌లో ఎస్‌ఎస్‌ఏసీ అని ఇంకొకటి. స్టియర్‌మన్ లాంటి కొన్ని ట్రైనర్లు మామూలు సర్టిఫికెట్ మీదే ఎగురుతాయి. "మీ విమానం దేనికింద ఎక్కిస్తా ఉండారు సార్" అని ఒక్క ముక్క అడగండి. సరైనోడైతే ఒక్క నిమిషంలో చెప్తాడు, నీళ్ళు నమిల్తే వదిలెయ్యండి.

ఎందుకింత చెప్తా ఉండానంటే, 2019 అక్టోబర్ 2న అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో జనాన్ని ఎక్కించుకున్న బి-17 బాంబర్ ఒకటి కూలి ఏడుగురు పోయినారు. ఎంక్వయిరీలో ఏం తేలిందని నేను కూర్చోని చదివినా, ఒక ఇంజన్‌లో మాగ్నెటోలు సరిగ్గా స్పార్క్ ఇవ్వడం లేదు, ప్లగ్‌ల గ్యాప్ ఎక్కువైపోయింది. ప్లగ్ గ్యాప్! డిపోలో అప్రెంటిస్ పిల్లోడికి మొదటి వారంలో నేర్పే పని. ఆ ఇంజన్ మొరాయించింది పాతదైనందుకు కాదు, చూడాల్సింది చూడనందుకు. అందుకే విమానం వయసు చూసి భయపడొద్దు, చూసుకునేవాళ్ళని చూడండి.

నేను చేసేది ఇంకోటుంది. బుక్ చేసే ముందు ఒక శనివారం ఊరికే హ్యాంగర్‌కి పోయి నిలబడతా. కింద పరిచిన ట్రేలో ఆయిల్ చుక్కలు పడతా ఉంటే కంగారుపడొద్దు, ఆ రకం గుండ్రటి ఇంజన్ ఆయిల్ కార్చకుండా ఉంటేనే అనుమానించాల. కానీ పనిముట్లు యాడబడితే ఆడ పడేసి ఉంటే, విప్పిన నట్లు డబ్బాలో పెట్టకుండా రెక్కమీద పెట్టి ఉంటే మాత్రం మారుమాట లేకుండా వచ్చేయండి. డాలస్‌లో కమెమొరేటివ్ ఎయిర్ ఫోర్స్ అని వాలంటీర్ల సంస్థ ఉండాది, పేరు చూసి గవర్నమెంట్ ఎయిర్‌ఫోర్స్ అనుకోవద్దు, 1957 నుంచి పాత విమానాలు కాపాడుకుంటా వస్తా ఉండారు, వాళ్ళ హ్యాంగర్లో ముసలాయన ఒకాయన కార్బురేటర్ విప్పి గుడ్డమీద వరసగా పేర్చిపెట్టింది చూసి నాకు మా డిపో గుర్తొచ్చింది.

3. రోజు, టైము

శనివారం పొద్దున ఫస్ట్ స్లాట్ తీసుకోండి. ఆదివారం ఖాళీగా పెట్టుకోండి, గాలో మబ్బో అడ్డమొస్తే ఆదివారానికి జరుపుతారు. టెక్సస్‌లో ఎండాకాలం మధ్యాహ్నం నేల కాలిపోయి వేడిగాలి పైకి లేస్తుంది, విమానం గతుకుల రోడ్డుమీద పల్లెవెలుగు బస్సులాగా ఎగిరెగిరి పడుతుంది, పొద్దున ఆ బాధ ఉండదు.

ఊరినుంచి దిగిన వారంలోనే పెట్టుకోవద్దు. ఎండాకాలంలో మనకీ డాలస్‌కీ పదిన్నర గంటల తేడా, పొద్దున తొమ్మిదికి మీ ఒంటికి రాత్రి ఏడున్నర. ఆ మగతలో ఎక్కి ఏం చూస్తారు.

శనివారం ఉపవాసం ఉండేవాళ్ళు ఆదివారమే బుక్ చేసుకోండి. ఇది నవ్వులాట కాదు, ఖాళీ కడుపుతో ఎక్కితే కడుపులో ఇంకా తిప్పొచ్చు.

వాతావరణం బాగలేక క్యాన్సిల్ అయితే డబ్బులు వాపస్ ఇస్తారా, ఇంకో రోజు ఇస్తారా అనేది కట్టకముందే మెయిల్‌లో రాయించుకోండి. నాకు ఒక చోట ఇట్లే అయ్యింది, వాన పడింది, "ఏడాదిలోపు ఎప్పుడైనా రండి" అన్నారు, నా వీసా టైమేమో ఇంకో ఇరవై రోజులే. ఆ డబ్బులు పోయినట్టే లెక్క. పైలట్ వద్దంటే మాత్రం వాదనకి దిగొద్దు, వద్దన్న పైలటే మంచి పైలట్.

4. ఒంటికి రెండు టెస్టులు, ఇక్కడే చేసుకోండి

తిరుమల ఎట్లాగూ పోతారు కదా. దిగేటప్పుడు డౌన్ ఘాట్‌లో బస్సు వెనక సీట్లో కూర్చోండి, కళ్ళు మూసుకోకుండా, ఫోన్ చూసుకుంటా రండి. అలిపిరి వచ్చేసరికి ఏం కాకపోతే మీకు ఢోకా లేదు. సగంలోనే నిమ్మకాయ వెతుక్కుంటే మాత్రం పైలట్‌కి ముందే చెప్పాల, "జెంటిల్‌గా పోండి, పల్టీలు వద్దు" అని. చెప్పుకోడానికి సిగ్గు పడాల్సిందేం లేదు, పైలట్లకి కూడా కొత్తలో వాంతులయ్యుంటాయి.

రెండోది ట్రాక్టర్ టెస్టు. తెలిసినోళ్ళ ట్రాక్టర్ ఉంటే దాని సీట్లోకి ఎవురూ పట్టుకోకుండా ఎక్కి, స్టీరింగ్ పట్టుకోకుండా కూర్చోని, మళ్ళీ దిగండి. టి-6 ఎక్కడం అంతకంటే ఒక మెట్టు కష్టం, రెక్కమీదికెక్కి, కాక్‌పిట్ గోడ దాటి కాలు లోపలేసి, సీటుమీద నిలబడి కూర్చోవాల. మోకాలు మొరాయిస్తే డకోటానే మేలు.

బీపీ, గుండె, ఈమధ్య అయిన కంటి ఆపరేషన్, నడుము డిస్కు, కడుపుతో ఉండడం, వీటిల్లో ఏదున్నా డాక్టర్ని అడక్కుండా డబ్బులు కట్టొద్దు. జలుబు చేసి ముక్కులు బిగుసుకుంటే ఆ రోజు మానేయండి, దిగేటప్పుడు చెవిలో మేకు కొట్టినట్టుంటుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి తిప్పి చూడండి, చాలా పాలసీల్లో టికెట్ కొని ఎక్కే మామూలు విమానాలకే కవర్ ఉంటుంది, ఇట్లాంటి రైడ్‌లకి ఉండదు.

5. ముందు రోజు, ఆ రోజు పొద్దున

ముందు రాత్రి సంగటి, నాటుకోడి పులుసు వద్దు, పార్టీ అస్సలొద్దు. పొద్దున రెండు ఇడ్లీలు, కొంచెం చట్నీ, గంటన్నర ముందు. ఇడ్లీ లేకపోతే అరటిపండు, బ్రెడ్డు. షుగర్ ఉండేవాళ్ళు తినడం, మాత్ర వేసుకోవడం రోజులాగే టైముకి చెయ్యాల. కాఫీ ఒక్క కప్పుతో ఆపండి, నీళ్ళు తాగండి, ఎక్కేముందు బాత్రూమ్‌కి పోండి, లోపల ఆ వసతి లేదు.

వాంతుల మాత్ర వేసుకోవాలనుకుంటే డాక్టర్ని అడిగి, ముందొక ఇంటిరోజు వేసుకోని చూడండి. అవోమిన్ లాంటివి కొంతమందికి నిద్ర ముంచుకొస్తాయి. మా బావమరిది ఒకసారి ఘాట్ రోడ్డుకని వేసుకోని తిరుమల వచ్చేదాకా గురకే.

6. బట్టలు

కాటన్. పాలిస్టర్, నైలాన్ వద్దు, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. చీర, పంచె, చున్నీ వద్దు, ఆడవాళ్ళు కాటన్ ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా వేసుకోవచ్చు, జడ ముడేసుకోని కాలర్ లోపలికి తోసెయ్యాల. చెప్పులు ఒప్పుకోరు. లావు అడుగు స్పోర్ట్స్ షూ కూడా బాగుండదు, పెడల్స్ మధ్యలో ఇరుక్కుంటుంది. స్టియర్‌మన్ అయితే ఎండలో కూడా పైన చలేస్తుంది, స్వెట్టర్ తీసకపోండి.

కొండమీద గుండు కొట్టించుకోని నేరుగా ఫ్లైటెక్కి పొయ్యేవాళ్ళు మనలో ఎక్కువ కాబట్టి చెప్తా ఉండా, గుండుకి హెల్మెట్ వదులవుతుంది. లోపల పల్చటి కాటన్ టోపీ అడగండి. స్టియర్‌మన్‌లో హెల్మెట్ కిందికి జారి కళ్ళమీదికొస్తే ఏం చూస్తారు, నాకట్లే అయ్యింది.

7. జేబులు ఖాళీ చెయ్యండి, మళ్ళీ ఇంకోసారి ఖాళీ చెయ్యండి

అందరూ చేసే తప్పు ఇదే, నేను కూడా చేసినా.

ఈ విమానాల్లో కాళ్ళకింద కార్పెట్, చాపా ఏమీ ఉండదు. సీటుకింద గుల్ల, ఆ గుల్లలోంచే కంట్రోల్ వైర్లు, రాడ్లు తోకదాకా పోతాయి. ఒక రూపాయి బిళ్ళ జారి అక్కడ ఇరుక్కుంటే స్టిక్ (విమానాన్ని తిప్పే కడ్డీ) కదలదు. స్టిక్ కదలకపోతే సంగతి చెప్పక్కర్లేదు.

రెండోసారి ఎక్కేటప్పుడు నేను ఫోన్ తీసేసినా, పర్సు తీసేసినా, తాళాలు, పెన్నూ అన్నీ మా పాప చేతిలో పెట్టినా. మెడలో గొలుసు మర్చిపోయినా, చిన్నప్పట్నుంచీ ఉండేది కదా, ఒంట్లో భాగంలాగా అయిపోయింది. గొలుసుకి స్వామివారి వెండి డాలర్. గాల్లో ఏమీ తెలీలేదు. దిగి బెల్టులు విప్పినాక చెయ్యి మెడకి పోయింది, గొలుసుంది, డాలర్ లేదు. కొక్కెం విడిపోయింది. పైలట్‌కి చెప్పినా. ఆయన తిట్టలేదు, తర్వాత రైడ్‌లు రెండూ ఆపేసినాడు. అది దొరికేదాకా విమానం కదలదు, అదే రూలు. టార్చిలైటు, పొడుగు పుల్లకి అయస్కాంతం కట్టి వెతికినారు, వెండి అయస్కాంతానికి అంటుకోదు కదా, చివరికి నేనే, డిపోలో అలవాటు కాబట్టి, పక్కన చిన్న ప్యానెల్ విప్పమని చెప్పి చెయ్యి పెట్టి తీసినా, పుల్లీ వైరుకి బెత్తెడు దూరంలో ఉండింది, ఆయిల్ మడ్డి పూసుకోని. నా తర్వాత బుక్ చేసుకున్న కుటుంబం గంటన్నర ఎండలో నిలబడింది. వాళ్ళ మొహం చూళ్ళేకపోయినా.

అందుకని గొలుసు, డాలర్, ఉంగరాలు, వాచీ, బ్రాస్‌లెట్, చెవి కమ్మలు, బొడ్లో దోపిన విభూది పొట్లం, జేబులో లడ్డూ కవరు, అన్నీ తీసెయ్యండి. మంగళసూత్రం తియ్యలేనివాళ్ళు చొక్కా లోపలికి వేసి పైబటన్ దాకా పెట్టుకోని, సిబ్బందికి ముందే చెప్పండి. చేతికి కట్టిన కాశీదారం ఉంటే ఉండనీండి.

చెక్ చేసే పద్ధతి: మొదట మీరే తడుముకోండి, తర్వాత రెండో మనిషితో తడిమించుకోండి, తర్వాత ఒకసారి అక్కడే గెంతండి. ఏదన్నా గలగలమంటే ఇంకా ఉన్నట్టే. దిగినాక మళ్ళీ లెక్క చూడండి, ఏదన్నా తగ్గితే సిగ్గుపడకుండా వెంటనే చెప్పండి, చెప్పకుండా ఇంటికి పోతే తర్వాత ఎక్కేవాడి ప్రాణానికే చేటు.

8. బ్రీఫింగ్

పావుగంట చెప్తారు. ఇంగ్లీషు స్పీడుగా ఉంటే "స్లోగా చెప్పండి సార్" అని అడగండి, మనవాళ్ళకి ఒక అలవాటుంది, అర్థం కాకపోయినా తలూపేస్తాం. మీ నోటితో తిరిగి చెప్పి సరేనా అని అడగండి.

మూడు సంగతులు రావాల: బెల్టు యాడ విప్పాల, ప్యారాచూట్ యాడ లాగాల, కప్పు ఎట్ల తెరవాల. బెల్టూ ప్యారాచూట్ పట్టీలూ రెండూ ఛాతీమీదే ఉంటాయి, అక్కడే కన్‌ఫ్యూజన్. దిగేటప్పుడు బెల్టు అనుకోని ఎర్ర హ్యాండిల్ లాగేసేవాళ్ళు ఉంటారంట, ప్యారాచూట్ మొత్తం బయటికొచ్చి, మళ్ళీ మడత పెట్టించే ఖర్చు మీదే. అందుకే కూర్చోగానే కళ్ళు మూసుకోని, "ఇది బెల్టు, ఇది ప్యారాచూట్" అని చేత్తో ముట్టి చూపించండి. మూడుసార్లు తప్పు లేకుండా వస్తే పాసైనట్టు.

తర్వాత సంతకాల కాగితాలు. ప్రాణానికి మేం పూచీ కాదు అని ఉంటుంది, అందరి దగ్గరా ఉంటుంది. చదివే పెట్టండి. పాస్‌పోర్ట్‌లో పేరెట్లుందో అట్లే రాయండి, ఇంటిపేరు ముందా వెనకా అని మనకుండే గొడవ ఇక్కడ పెట్టుకోవద్దు. బరువు దొంగలెక్క చెప్పొద్దు, త్రాసుమీద నిలబెడతారు, అందరిముందర పరువు పోతుంది.

9. ఎక్కడం, కట్టుకోవడం

రెక్కమీద నల్లగా గరుగ్గా ఉండే పట్టీమీదే కాలెయ్యండి, మిగతాది పల్చటి రేకో, గుడ్డో, కాలు దిగిపోతుంది. స్టియర్‌మన్ రెక్కలు గుడ్డవే. టి-6లో మనం వెనక సీట్లో, పైలట్ ముందు. స్టియర్‌మన్‌లో దానికి రివర్స్, మనం ముందు, పైలట్ వెనక.

నడుం బెల్టు ముందు బిగించాల, భుజం పట్టీలు తర్వాత. భుజాలవి ముందు బిగిస్తే నడుం బెల్టు కడుపుమీదికి ఎక్కేస్తుంది. అరచెయ్యి బెల్టుకింద దూరితే ఇంకా వదులు. పల్టీలు కొట్టేదుంటే మా సిబ్బందాయన మోకాలు పెట్టి మరీ లాగినాడు.

హెడ్‌సెట్‌లో పైలట్ గొంతు వినిపిస్తా ఉందా, మీ గొంతు ఆయనకి వినిపిస్తా ఉందా, ఇంజన్ స్టార్ట్ కాకముందే చూసుకోండి. మైకు పెదాలకి ఆనినంత దగ్గర ఉండాల.

10. స్టార్ట్ నుంచి టేకాఫ్ దాకా

ఇది నాకు అన్నిటికంటే ఇష్టం కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా, ఓర్చుకోండి.

స్టార్ట్ చేసేముందు ఇద్దరు మనుషులు పంకాని చేత్తో తిప్పుతా ఉంటారు, రెక్కలు లెక్కపెట్టుకుంటా. పూజ కాదది. గుండ్రటి ఇంజన్ కదా, రాత్రంతా నిలబడితే ఆయిల్ జారి కింది సిలిండర్లలోకి చేరుతుంది, అట్లే స్టార్ట్ చేస్తే పిస్టన్‌కి ఆయిల్ అడ్డంపడి రాడ్డే వంగిపోతుంది. తిప్పకుండా స్టార్ట్ చేసేవాణ్ణి చూస్తే నేనైతే దిగిపోతా.

తర్వాత ఒక సిలిండర్ దగ్గుతుంది, ఇంకోటి దగ్గుతుంది, నీలంరంగు పొగ భుస్సుమంటుంది, కాసేపు వేరుశనగ చేల్లో పాత ఆయిలింజన్ మొండికేసినట్టే ఉంటుంది, ఉన్నట్టుండి తొమ్మిదీ కలుస్తాయి. సీటు, వెన్నెముక, పళ్ళు అన్నీ ఒకే తాళంలో కొట్టుకుంటాయి. పొగ చూసి భయపడొద్దు, కేకలు పెట్టొద్దు, అది మామూలే.

నేలమీద విమానం పామంకర్లు తిరగతా పోతుంది. డ్రైవర్ తాగినాడా అనుకునేరు, తోక కిందికుండే విమానాల్లో ముక్కు అడ్డమొచ్చి ఎదర కనిపించదు, అందుకే పక్కలకి తిప్పుకుంటా చూసుకుంటా పోతాడు. మీ కాళ్ళు పెడల్స్ మీద పెట్టొద్దు. టేకాఫ్‌లో టి-6 గోల గోలగా అరుస్తుంది, పంకా కొసలు దగ్గర దగ్గర శబ్దవేగంతో తిరుగుతాయి, అందుకే కిలోమీటర్ల దూరానికి వినపడుతుంది. ముందు తోక లేస్తుంది, అప్పుడు ఎదురుగా రన్‌వే కనిపిస్తుంది, ఆ తర్వాతే నేల వదులుతుంది.

11. గాల్లో

మొదటిసారి స్టియర్‌మన్‌లో నేను చేసిన తప్పు: ఫోన్‌ని చేతికి పట్టీతో కట్టుకోనిచ్చినారు, మొత్తం వీడియో తీసినా. ఇంటికొచ్చి చూస్తే గాలి హోరు, సగం స్క్రీన్‌లో నా బొటనవేలు. నేను చూసింది ఆరంగుళాల స్క్రీన్, డాలస్ కాదు. స్క్రీన్‌కేసే చూస్తా ఉండటంతో కడుపులో తిప్పింది కూడా. కాబట్టి ఫోన్ కిందే వదిలేసి వాళ్ళ కెమెరా వీడియో కొనుక్కోండి, డబ్బులు ఎక్కువే, అయినా కొనండి. కెమెరా ఎర్రలైటు వెలుగుతా ఉందా అని మాత్రం ఎక్కేటప్పుడే అడగండి.

కళ్ళు ఎప్పుడూ దూరంగా, నేలా ఆకాశం కలిసే గీతమీద పెట్టండి. తల గిరుక్కున తిప్పొద్దు. తేడాగా అనిపిస్తే అప్పుడే చెప్పండి, "ఇంకొంచెం ఓర్చుకుందాం" అనుకోవద్దు, నోట్లో నీళ్ళూరడం మొదలైతే రెండు నిమిషాలే టైముంది. రెక్కలు సమానంగా పెట్టమని అడగండి, గాలి మొహానికి తిప్పుకోండి. కవరు ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి, విప్పి మరీ పెట్టుకోండి.

ఔనూ కాదూ రెండిటికీ మనం తల ఒకేలాగా ఊపుతాం. పైలట్ చిన్న అద్దంలో చూసి "వద్దంటా ఉండాడు" అనుకుంటాడు. నన్ను "ఇంకో లూప్ (నిలువు పల్టీ) కొడదామా" అని అడిగితే సంతోషంగా తలూపినా, ఆయన రెక్కలు సమానం చేసి ఇంటిదారి పట్టినాడు! నోటితో యెస్, నో చెప్పండి.

అరవై డిగ్రీలు వంచి తిప్పితే మీ బరువు రెట్టింపవుతుంది, డెబ్బై కిలోల మనిషి నూటనలభై. చెంపలు కిందికి జారినట్టుంటుంది, చెయ్యి లేపితే సిమెంట్ బస్తా లేపినట్టుంటుంది. తొడలు, కడుపు బిగబట్టండి, ఊపిరి మాత్రం బిగబట్టొద్దు. చూపు అంచుల్లో బూడిదరంగు కమ్మితే వెంటనే చెప్పండి.

స్టిక్ మీ చేతికిస్తాడు, "యూ హ్యావ్ కంట్రోల్" అంటాడు. మీరు కూడా "ఐ హ్యావ్ కంట్రోల్" అని తిరిగి చెప్పినాకే పట్టుకోవాల, ఆయన వెనక్కి అడిగితే అప్పుడే వదిలెయ్యాల. కొత్తవాళ్ళు బోరింగు పంపులాగా పట్టేసుకుంటారు. తమలపాకు పట్టుకున్నట్టు రెండు వేళ్ళూ బొటనవేలూ చాలు. సరిగ్గా పట్టుకున్నారా అని తెలుసుకోవాలంటే వేళ్ళు సడలించి చూడండి, విమానం పెద్దగా పక్కకి పోకపోతే బాగున్నట్టు, ఒక్కసారి ఎగిరిందంటే అప్పటిదాకా మీరే దాన్ని బలవంతంగా నొక్కి పెట్టి ఉండారు.

ఒక్క రెండు నిమిషాలైనా మాటలు ఆపి ఊరికే కూర్చోండి. ముందర పైలట్ భుజం, పక్కన రెక్కమీద రివెట్ల వరస, ఎండ ఆ రివెట్లమీద పాక్కుంటా పోతా ఉంటుంది. ఈ సీట్లో 1940ల్లో పంతొమ్మిదేళ్ళ పిల్లోళ్ళు కూర్చోని నేర్చుకున్నారు. నాకు పంతొమ్మిదేళ్ళకి డిపోలో గ్రీజు పూసే పని.

12. దిగినాక

పంకా పూర్తిగా ఆగేదాకా బెల్టు ముట్టొద్దు. మళ్ళీ అదే పాఠం: ముందు హెడ్‌సెట్ వైరు, తర్వాత బెల్టు, ప్యారాచూట్ హ్యాండిల్ జోలికి పోవద్దు, ప్యారాచూట్‌తోనే లేచి రెక్కమీదికి రండి, సిబ్బంది విప్పుతారు. రెక్క వెనకవైపు నుంచే దిగండి, ఆగిన పంకా దగ్గరికి కూడా పోవద్దు, ఫొటోకైనా సరే చెయ్యెయ్యొద్దు.

అరగంట కూర్చోండి. ఉప్పు బిస్కెట్, నీళ్ళు. గీతమీద నడిచి చూడండి, తూలకపోతే సరే. ఆ రోజు కారు మీరు నడపొద్దు, పిల్లోళ్ళని నడపనీండి. చెవులు మూసుకుపోయి ఉంటే ఆవలించండి, సాయంత్రానికి తెరుచుకోకపోతే డాక్టర్ దగ్గరికి పోండి. వీడియో అక్కడే ప్లే చేయించి మాట వినిపిస్తా ఉందా, మొహం ఫ్రేములో ఉందా చూసుకోండి, ఇంటికొచ్చి అడిగితే ఎవురూ పలకరు.

చొక్కామీద ఆయిల్ చుక్కలు పడుంటాయి, తప్పదు. మా ఆవిడ నేరుగా మెషీన్లో వేసేసింది, వేడినీళ్ళకి మరక గట్టిపడి మిగతా బట్టలకీ అంటింది. ముందు గిన్నెలు తోమే సబ్బుని నీళ్ళు కలపకుండా మరకమీద రుద్ది, పావుగంట ఆగి, చన్నీళ్ళతో ఉతకండి. నా చొక్కాకి జేబు పక్కన మాత్రం ఒక చుక్క ఉండనిచ్చినా.